బార్ ముట్టుకుంటే పేర్లు మాయం: ఒక వడ్ల రిజిస్టర్ కేసు

నవంబరు వచ్చిందంటే మిర్యాలగూడ రోడ్ల మీద మనుషుల కంటే వడ్ల ట్రాక్టర్లే ఎక్కువ కనిపిస్తాయి. సాగర్ ఎడమ కాలువ కింద పండిన పంటలో చాలా భాగం ఇక్కడి మిల్లులకే చేరుతుంది. నేను ఈ ఊళ్లో కంప్యూటర్ రిపేర్లు, ఎక్సెల్ పనులు చేసుకుంటూ ఉంటాను. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో సగానికి పైగా వడ్లవే: తూకం, తేమ, సంచులు, లారీలు, హమాలీ కూలీ. 2024 వానాకాలం సీజన్‌లో వచ్చిన ఈ కేసు కూడా అలాంటిదే. స్క్రోల్ బార్ పనిచేయడం లేదన్న ఒక్క ఫిర్యాదు వెనక ఎన్ని వేర్వేరు లోపాలు దాక్కున్నాయో, వాటిలో ఒకదాన్ని సరిచేస్తూ నేనే కొత్త లోపం ఎలా తెచ్చిపెట్టానో దాచకుండా రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు మాత్రం వద్దు.

ఫోన్

పొద్దున తొమ్మిదింటికి హాలియా వైపు ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది అక్కడి మహిళా సంఘాల లెక్కలు రాసే వీవోఏ. ఆ సంఘాలు వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో కొనుగోలు రిజిస్టర్ కూడా ఆమే చూస్తుంది. చుట్టుపక్కల నాలుగు సెంటర్ల లెక్క ఆమె దగ్గరున్న ఒకే ఫైల్‌లో పడుతుంది.

"సార్, మా ఫైల్ పిచ్చి పిచ్చిగా చేస్తుంది. పక్కనున్న బార్ జర ముట్టుకుంటే చాలు, అంత తెల్లగైపోతుంది. రైతుల పేర్లన్ని పోయినయేమో అని ఒకటే టెన్షన్ నాకు."

"పేర్లు యాడికి పోవు చెల్లె. కంట్రోల్ పట్టుకొని హోమ్ కొట్టు."

"ఆ, వచ్చినయ్."

"ఇప్పుడు కంట్రోల్ పట్టుకొని ఎండ్ కొట్టు. ఎడమ పక్కన వరుస నంబర్ ఎంతున్నదో చదువు."

ఆమె ఒక్కో అంకె చదివింది. ఒకటి, సున్నా, నాలుగు, ఎనిమిది, అయిదు, ఏడు, ఆరు.

10,48,576. ఎక్సెల్ షీట్‌లో చిట్టచివరి వరుస అది. 2007 వెర్షన్ నుంచి ప్రతి షీట్‌కూ అంతే పొడవు. అంతకు ముందున్న 2003లో 65,536 వరుసలే ఉండేవి. ఆమె రిజిస్టర్‌లో అప్పటికి ఉన్న ఎంట్రీలు 1,186. ఆ నంబర్ వినగానే జబ్బు ఏ వైపు ఉందో తెలిసింది. ఫైల్ వాట్సాప్‌లో పంపమన్నాను. అప్పటిదాకా బార్ పట్టుకుని లాగొద్దని, పేజ్ డౌన్, పేజ్ అప్ కీలతో పని నడుపుకొమ్మని చెప్పాను. బయట టోకెన్లు పట్టుకుని రైతులు నిలబడి ఉన్నప్పుడు ముందు పని ఆగకుండా చూడాలి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు.

బార్ ఏం కొలుస్తుంది

ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ సంగతి తెలియక చాలామంది మౌస్ మారుస్తారు, ఆఫీస్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. ఈ ఫైల్ నా దగ్గరికి రాకముందు ఆ సెంటర్లో ఈ రెండూ జరిగాయి.

నిలువు బార్ మధ్యలో మనం పట్టుకుని లాగే ముక్కను నేను బిళ్ల అంటాను. బిళ్ల పొడవు మన దగ్గరున్న రైతుల సంఖ్యను బట్టి ఉండదు. షీట్‌లో వాడిన భాగం ఎక్కడిదాకా ఉందని ఎక్సెల్ అనుకుంటుందో దాన్ని బట్టి ఉంటుంది. వాడిన భాగం అంటే అంకెలు, పేర్లు ఉన్న గడులు మాత్రమే కావు. గీతలు గీసిన ఖాళీ గడి, రంగు వేసిన ఖాళీ గడి, ఒక్క స్పేస్ కొట్టి వదిలేసిన గడి కూడా దాని లెక్కలో వాడినవే. కంట్రోల్ ఎండ్ కొడితే కర్సర్ వెళ్లి నిలబడేది ఆ భాగం చివరి మూలలోనే.

లెక్క వేసి చూద్దాం. ఆమె లాప్‌టాప్ స్క్రీన్ మీద పై మెనూలు, కింది పట్టీలు పోగా బార్ నడిచే దారి ఇంచుమించు 400 పిక్సెళ్లు ఉంటుంది. 10,48,576 వరుసల్ని ఆ 400 పిక్సెళ్లకు పంచితే ఒక్కో పిక్సెల్‌కు 2,600 వరుసలకు పైనే పడతాయి. బిళ్లను కంటికి కనపడనంత, ఒక్క పిక్సెల్ కదిపినా సరే, 1,186 మంది రైతుల్ని ఒక్క దూకులో దాటేసి ఖాళీ గడుల్లో పడతాం. ఆమెకు తెల్లగా కనిపించింది అదే. అంటే బార్ తన పని తాను చేస్తున్నట్టే. బార్ ఉన్నదున్నట్టు చెబుతుంది, తప్పుగా ఉన్నది షీట్ పొడవు.

ఇంకో చిన్న విషయం. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని బిళ్లను లాగితే ఎక్సెల్ మంచి ఫైల్‌లో కూడా చాలా దూరం దూకుతుంది. అది లోపం కాదు, పెద్ద షీట్ల కోసం పెట్టిన సౌకర్యం. వడ్ల దుమ్ములో కీబోర్డు కీలు ఇరుక్కుపోవడం మా వైపు మామూలే కాబట్టి ముందు షిఫ్ట్ సంగతి కూడా అడిగాను. ఆమె కీబోర్డులో ఆ బాధ లేదు.

ఫైల్ నా చేతికి వచ్చాక

ముందు కాపీ చేసి, పేరులో తేదీ రాసి పక్కన పెట్టాను. ఈ అలవాటే తర్వాత నా పరువు కాపాడింది.

ఫైల్ సైజు 3 ఎంబీ దాటి ఉంది. పన్నెండు వందల వరుసలు, 24 కాలమ్‌లు ఉన్న ఫైల్‌కు అది చాలా ఎక్కువ. రిజిస్టర్ షీట్‌లో పై నాలుగు వరుసలు హెడ్డింగులు, అయిదో వరుస నుంచి రైతులు. క్రమ సంఖ్య, పేరు, ఊరు, పాస్‌బుక్ నంబర్, బ్యాంకు ఖాతా, టోకెన్, తేమ శాతం, సంచులు, క్వింటాళ్లు, లారీ నంబర్, ఇలా పోయి పోయి చివర్లో రిమార్కులు. ఆ సీజన్ నుంచి సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ వచ్చింది కాబట్టి సన్నాలకు, దొడ్డు వడ్లకు కాలమ్‌లు విడగొట్టారు. బోనస్ గురించి ఏదైనా రాసుకోవడానికి ఒక కొత్త కాలమ్ కూడా చేర్చారు. అందులో ఇంకా ఎవరూ ఏమీ రాయలేదు.

అసలు దొంగ ఆ ఖాళీ కాలమ్‌లోనే దొరికాడు. కంట్రోల్ ఎండ్‌తో చివరి మూలకు పోయి, అక్కడి నుంచి కంట్రోల్ పట్టుకుని ఎడమ బాణం కొట్టాను. మధ్యలో ఏమీ లేకపోతే కర్సర్ నేరుగా మొదటి కాలమ్‌కు రావాలి. రాలేదు, బోనస్ కాలమ్‌లో ఆగింది. చూస్తే గడి ఖాళీ. పైనున్న ఫార్ములా పట్టీలో క్లిక్ చేస్తే కర్సర్ అంచుకు కాకుండా ఒక అక్షరం అంత ఎడంగా నిలబడింది. అంటే అందులో స్పేస్ ఉంది.

ఎలా పడిందో ఊహించడం కష్టం కాదు. పేర్ల కాలమ్‌లో కంట్రోల్ పట్టుకుని కింది బాణం కొడితే చివరి రైతు దగ్గర ఆగుతుంది. ఏమీ లేని కాలమ్‌లో అదే కొడితే ఆగడానికి ఏమీ లేదు కాబట్టి షీట్ అడుగుకు పోయి పడుతుంది. అక్కడ గాబరాపడి ఏ కీ నొక్కినా ఆ చివరి గడిలో పడుతుంది. ఫోన్ చేసి అడిగితే ఆమె ఒప్పుకుంది కూడా. "నేనే కొట్టిన సార్, స్పేస్ కొడితే పైకొస్తదేమో అనుకున్న."

స్పేస్ తుడిచి, సేవ్ చేసి, మళ్లీ కంట్రోల్ ఎండ్ కొట్టాను. ఇప్పుడు 52,314 వచ్చింది. బిళ్ల కొంచెం నయం, అంతే. పిక్సెల్‌కు 130 వరుసలు. లాగితే ఇంకా దూకుతూనే ఉంది. ఒక కారణం దొరకగానే చేతులు దులుపుకుంటే ఇలాంటి రెండోది మిగిలిపోతుంది. సేవ్ చేసిన తర్వాత మళ్లీ కొలవడం తప్పనిసరి.

రెండో కారణం పైకి కనిపించేదే. 52,314వ వరుస దాకా ఖాళీ గడులన్నిటికీ నల్ల గీతల బార్డర్ ఉంది. ఆమెకు సాయం చేసే ఆపరేటర్ పిల్లవాడు డిగ్రీ చదువుతున్నాడు, చురుకైనవాడు. వాడు చేసిన పని ఇది. "రోజూ గీతలు గీసుడు ఎందుకని ఒకటేసారి కిందికి గుంజిన అన్నా. మౌస్ పట్టుకొని ఉంటే అదే ఉరుక్కుంట పోయింది." అంత దూరం పోయిందని వాడికి తెలియదు. తర్వాత ఖాళీ వరుసలన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కీ కూడా కొట్టాడు. ఆ కీ గడిలో రాసింది మాత్రమే తుడుస్తుంది, గీతల్ని, రంగుల్ని ముట్టుకోదు. అందుకే ఏమీ మారలేదు.

నేను 1,191వ వరుస నంబర్ మీద క్లిక్ చేసి, కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని కింది బాణం కొట్టాను. షీట్ అడుగుదాకా సెలెక్ట్ అయింది. రైట్ క్లిక్ చేసి డిలీట్ ఎంచుకున్నాను. ఇది కీబోర్డు మీది డిలీట్ లాంటిది కాదు, వరుసల్నే తీసేస్తుంది, వాటితో పాటు గీతలూ పోతాయి. సేవ్ చేసి, మూసి, తెరిచాను. కంట్రోల్ ఎండ్ కొడితే 1,190. ఫైల్ సైజు 200 కేబీ లోపుకు వచ్చింది. బిళ్ల పట్టుకోవడానికి వీలుగా లావైంది, పిక్సెల్‌కు మూడు వరుసలు. పదకొండింటికి ఫైల్ తిరిగి పంపి, పని అయిపోయిందనుకున్నాను.

సాయంత్రం వచ్చిన రెండో ఫోన్

ఆరు దాటింది. ఈసారి ఆమె గొంతులో పొద్దున్నంత మర్యాద లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

"అన్నా, ఏం చేసిన్రు మీరు? కొన్న సంచుల కంటే మిల్లుకు పంపిన సంచులు ఎక్కువ చూపిస్తుంది. లేని వడ్లు యాడికెల్లి పంపినవ్ అని రేపు నన్ను అడుగుతరు."

ఫైల్‌లో 'మొత్తం' అని వేరే షీట్ ఉంది. అందులో కొన్న సంచుల మొత్తం, లారీల్లో పంపిన సంచుల మొత్తం పక్కపక్కన ఉంటాయి. పగలు ఆమె 37 కొత్త టోకెన్లు ఎక్కించింది. లారీల వైపు లెక్క పెరిగింది. కొనుగోలు వైపు పొద్దున ఎంత ఉందో అంతే ఉంది.

తప్పు నాదే. కొన్న సంచుల మొత్తానికి వాళ్లు పెట్టుకున్న సమ్ ఫార్ములా హెచ్ 5 నుంచి హెచ్ 60000 దాకా ఉండేది. కింద ఎన్ని వరుసలు చేరినా లెక్కలోకి రావాలని ఎవరో ముందుచూపుతో అంత పెద్ద పరిధి ఇచ్చారు. నేను 1,191 నుంచి కిందున్న వరుసల్ని డిలీట్ చేశాను. ఒక పరిధిలోని వరుసల్ని తీసేస్తే ఎక్సెల్ ఆ పరిధిని అంతమేర కుదిస్తుంది. దాంతో ఫార్ములా హెచ్ 5 నుంచి హెచ్ 1190 దగ్గర ఆగిపోయింది. ఎక్సెల్ ఎక్కడా ఎర్ర గుర్తు చూపదు, ఎర్రర్ ఇవ్వదు. నేను పంపిన నిమిషంలో మొత్తం సరిగ్గానే ఉంది కూడా. కొత్త ఎంట్రీ పడ్డాకే తప్పు బయటపడింది. నేను సరిచూసింది బార్‌ను, ఫైల్ సైజును. కొత్త రైతును ఒకరిని చేర్చి చూడలేదు.

పొద్దున దాచిన కాపీ తెరిచి పాత ఫార్ములాలన్నీ పక్కన పెట్టుకుని పోల్చాను. ఫార్ములాస్ ట్యాబ్‌లో షో ఫార్ములాస్ నొక్కితే గడుల్లో జవాబులకు బదులు ఫార్ములాలే కనిపిస్తాయి. అలా వెతికితే కుదించుకుపోయినవి ఒకటి కాదు, ఏడు తేలాయి. సంచులు, క్వింటాళ్లు, సన్నాలు, దొడ్డు వడ్లు, నాలుగు సెంటర్ల లెక్కల్లో మూడింటికి. నాలుగో సెంటర్‌ది మొత్తం కాలమ్‌ను తీసుకునే ఫార్ములా కాబట్టి చెక్కుచెదరలేదు.

మళ్లీ 60000 అని రాసి పంపితే ఆ రాత్రికి గడిచేదే. కానీ అదే గుంతలో ఇంకోసారి పడతాం. అందుకే రిజిస్టర్‌ను టేబుల్‌గా మార్చాను. డేటాలో కర్సర్ ఉంచి కంట్రోల్ పట్టుకుని టీ కొడితే ఎక్సెల్ దాన్ని ఒక టేబుల్‌గా తీసుకుంటుంది. చివరి రైతు కింద కొత్త పేరు రాయగానే టేబుల్ తనంతట తానే ఒక వరుస పెరుగుతుంది, గీతలు, రంగులు కూడా దానితోనే వస్తాయి. ఫార్ములాలో వరుస నంబర్లకు బదులు టేబుల్ పేరు, కాలమ్ పేరు ఇస్తే మొత్తం ఎప్పటికప్పుడు సరిపోతుంది. పిల్లవాడు యాభై వేల వరుసల దాకా గీతలు గుంజిన అవసరం కూడా దీనితోనే తీరింది. గీతలు ముందే గీసి పెట్టుకోవాల్సిన పని లేకపోతే ఎవరూ గుంజరు.

మార్చేటప్పుడు ఒక ఇబ్బంది ఎదురైంది. 'తూకం' అన్న హెడ్డింగ్ సంచులు, క్వింటాళ్లు అనే రెండు కాలమ్‌ల మీద పరుచుకునేలా గడులు కలిపి ఉన్నాయి. టేబుల్‌లో కలిపిన గడులు కుదరవు, హెడ్డింగ్ ఒక్క వరుసే ఉండాలి. విడదీసి, 'తూకం సంచులు', 'తూకం క్వింటాళ్లు' అని రాశాను. అందం కొంచెం తగ్గింది. ఆమె ఒప్పుకుంది.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఇలాంటి ఫైల్‌లో కింది వరుసల్ని వెంటనే డిలీట్ చేయను. సెలెక్ట్ చేసి హోమ్ ట్యాబ్‌లో క్లియర్, అందులో క్లియర్ ఆల్ ఎంచుకుంటాను. గీతలు, రంగులు, స్పేసులు అన్నీ పోతాయి, వరుసలు మాత్రం ఉంటాయి కాబట్టి ఫార్ములాల పరిధి తగ్గదు. సేవ్ చేసి కంట్రోల్ ఎండ్ చూస్తాను. అయినా బార్ లొంగకపోతేనే డిలీట్, అదీ ఫార్ములాలన్నీ చదివిన తర్వాత.

సెంటర్ దగ్గర చూసినవి

ఆదివారం బండేసుకుని నేనే పోయాను. పొద్దున్నే రెండు ఫోన్లు వచ్చాయి, "బార్ ఇంకా సరిగా లేదు" అని. నా దగ్గర తెరిస్తే అంతా బాగానే ఉంది. ఫైల్ ఒక చోట బాగుండి ఇంకో చోట బాగాలేదంటే కళ్లతో చూడక తప్పదు.

రోడ్డు పక్కన వడ్ల కుప్పలు, వాటి మీద సగం తీసిన టార్పాలిన్లు. తేమ 17 శాతానికి దిగని కుప్పల్ని కాళ్లతో నెరుపుతూ ఆడవాళ్లు తిరుగుతున్నారు. రేకుల షెడ్డు కింద టేబుల్, దాని మీద లాప్‌టాప్, కీబోర్డు మీద పలచగా దుమ్ము. ఒక పెద్దాయన టోకెన్ చేతిలో పట్టుకుని స్క్రీన్ వైపే చూస్తున్నాడు. "బిడ్డా, నా పేరు దొరికిందా లేదా?"

దొరకలేదు, ఎందుకంటే అడ్డంగా కదలడం లేదు. కింది బార్‌లో బిళ్ల కుడికి పోతుంది, కాలమ్‌లు మాత్రం మారడం లేదు. కారణం ఫ్రీజ్ పేన్స్. క్రమ సంఖ్య నుంచి బ్యాంకు ఖాతా, టోకెన్ దాటి ఎనిమిది కాలమ్‌లు ఫ్రీజ్ చేసి, అంటే కదలకుండా కట్టేసి ఉన్నాయి. నా పెద్ద మానిటర్ మీద ఆ ఎనిమిది పోగా ఇంకా బోలెడు చోటు ఉంటుంది. ఈ చిన్న లాప్‌టాప్‌లో అక్షరాలు పెద్దగా కనపడాలని విండోస్ స్కేలింగ్ 150 శాతం పెట్టుకున్నారు. కదలకుండా కట్టేసిన కాలమ్‌లతోనే స్క్రీన్ నిండిపోయింది. మిగతావి కదులుతున్నాయి, కానీ స్క్రీన్ అవతల. వ్యూ ట్యాబ్‌లో అన్‌ఫ్రీజ్ చేశాను. కంట్రోల్ హోమ్ కొట్టి పూర్తిగా పైకి వచ్చి, క్రమ సంఖ్య, పేరు మాత్రమే నిలిచేలా సీ 5 గడిలో కర్సర్ పెట్టి మళ్లీ ఫ్రీజ్ చేశాను. ఎంచుకున్న గడికి పైన ఉన్న వరుసలు, ఎడమన ఉన్న కాలమ్‌లు నిలిచిపోతాయి. పైకి రావడం ఎందుకంటే, షీట్ సగం కిందికి జరిగి ఉన్నప్పుడు ఫ్రీజ్ చేస్తే అప్పటికి పైన దాగిపోయిన వరుసల్ని బార్ ఎంత లాగినా చూడలేం. మన వాళ్లు దాన్ని "మొదటి మూడు వరుసలు డిలీట్ అయినయ్" అని చెబుతారు.

పెద్దాయన పేరు దొరికింది. తేమ 16.4. ఆయన ముఖం చూసి నాకే ఊపిరి వచ్చింది.

ఇంకో లాప్‌టాప్‌లో బాణం కీలు కొడితే గడి మారడం లేదు, షీట్ మొత్తం జరుగుతుంది. ఇది చూడగానే చెప్పొచ్చు, స్క్రోల్ లాక్. అడుగున స్టేటస్ పట్టీలో ఆ మాట రాసే ఉంది. కొన్నాళ్లు బయటి కీబోర్డు తగిలించి వాడారట, ఆ కీబోర్డు మిల్లుకు పోయింది, లాక్ మాత్రం ఇక్కడ మిగిలింది. లాప్‌టాప్ మీద ఆ కీ లేదు. విండోస్ కీ, కంట్రోల్, ఓ మూడూ కలిపి కొడితే తెర మీద కీబోర్డు వస్తుంది, అందులో ఆ కీ నొక్కితే సరి.

అదే లాప్‌టాప్‌లో కింది అడ్డ బార్ అసలు కనిపించడం లేదు. పిల్లవాడు అప్పటికే ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ దాకా పోయి, వర్క్‌బుక్ డిస్‌ప్లే ఆప్షన్ల కింద అడ్డ, నిలువు బార్‌లు చూపించే రెండు టిక్కులూ ఉన్నాయో లేదో చూశాడు. ఉన్నాయి. వాడు సరైన చోటే వెతికాడు. ఆ టిక్కులు ఒక్కో ఫైల్‌కు వేరుగా ఉంటాయి కాబట్టి ఒక ఫైల్‌లో బార్ ఉండి ఇంకోదాంట్లో లేకపోతే ముందు చూడాల్సింది అక్కడే. కానీ ఇక్కడ అడ్డొచ్చింది షీట్ల పేర్ల పట్టీ. రోజుకో షీట్ చొప్పున పెట్టుకుంటూ పోయారు, పేర్లన్నీ కనపడాలని పట్టీని కుడి చివరిదాకా ఎవరో లాగారు, బార్‌కు చోటు మిగల్లేదు. పట్టీ చివర మూడు చుక్కలు నిలువుగా ఉంటాయి. వాటిని పట్టుకుని ఎడమకు లాగితే బార్ బయటికి వచ్చింది. మిల్లు గుమాస్తా లిబ్రే ఆఫీస్ వాడతాడు. ఆయనకు ఇదే ఫిర్యాదు వస్తే టూల్స్, ఆప్షన్స్, కాల్క్ కింద వ్యూలో చూసుకొమ్మని రాసిచ్చాను.

చివరి ఫిర్యాదు రిమార్కుల గురించి. మౌస్ చక్రం తిప్పితే కొన్నిచోట్ల షీట్ గెంతుతుంది. వాళ్లది ఎక్సెల్ 2016. అందులో స్క్రోల్ ఎప్పుడూ నిండు వరుసగానే కదులుతుంది, సగం వరుస దగ్గర ఆగదు. మైక్రోసాఫ్ట్ 365లో అయితే ఇప్పుడు మెత్తగా జరుగుతుంది. రిమార్కుల్లో "ఖాతా ఆధార్‌తో కలవలేదు, కొడుకు వచ్చి చెబుతానన్నాడు" లాంటి పొడుగు మాటలు రాసి, వ్రాప్ టెక్స్ట్ (పొడుగు మాటను గడిలోనే కిందికి మడిచేది) పెట్టడంతో ఒక్కో వరుస నాలుగు వేళ్ల ఎత్తు పెరిగింది. వ్రాప్ తీసి వరుసల ఎత్తు సమానం చేశాను. మొత్తం మాట చదవాలంటే గడి మీద క్లిక్ చేస్తే పైన పట్టీలో కనిపిస్తుంది.

చేయమన్నా చేయనిది, చేసినా వాడనిది

పిల్లవాడికి ఒక ఆలోచన వచ్చింది. మాక్రోలు, అంటే ఎక్సెల్ తనంతట తానే పని చేసేలా రాసే ఆదేశాలు, రాసే ఎడిటర్‌లో షీట్‌కు స్క్రోల్ ఏరియా అని ఒక లక్షణం ఉంటుంది. అందులో పరిధి రాస్తే ఆ గడుల బయటికి పోనే పోలేం. "అది పెడదాం అన్నా, ఎవరూ కిందికి పోకుంట." వాడు చెప్పింది నిజమే. కానీ ఆ విలువ ఫైల్‌తో పాటు సేవ్ కాదు. మూసి తెరిస్తే పోతుంది. ప్రతిసారీ పెట్టించాలంటే ఫైల్ తెరుచుకునేటప్పుడు నడిచే మాక్రో రాయాలి. ఇంటర్నెట్ నుంచి వచ్చినట్టు గుర్తు ఉన్న ఫైళ్లలో మాక్రోలను ఆఫీస్ ఇప్పుడు ఆపేస్తుంది, వీళ్ల ఫైల్ రోజుకు నాలుగు ఫోన్లు తిరుగుతుంది. పైగా రోజూ పెరిగే రిజిస్టర్‌కు కంచె వేస్తే కొత్త రైతు కంచె అవతల పడతాడు. మార్పుల్లేని రేట్ల పట్టికకైతే పెట్టేవాణ్ని, దీనికి వద్దన్నాను.

ఆమె కోరింది వేరే. రైతులకు చూపించడానికి ఒక షీట్‌లో పన్నెండు పేర్లే కనపడాలి, పక్కన బార్ లాగితే పేర్లు మారాలి. ఇది షీట్ పక్కనుండే బార్ కాదు, డెవలపర్ ట్యాబ్‌లో ఇన్సర్ట్ నుంచి మనమే గీసుకునే ఫారమ్ కంట్రోల్ స్క్రోల్ బార్. దానికి కనిష్ఠం, గరిష్ఠం, ఒక్క నొక్కుకు ఎంత కదలాలి, దారి మీద నొక్కితే ఎంత కదలాలి, ఏ గడికి లింకు చేయాలి అని ఇస్తాం. బార్ కదిలితే లింకు గడిలో నంబర్ మారుతుంది, ఇండెక్స్ ఫార్ములా ఆ నంబర్ నుంచి పన్నెండు పేర్లు తెస్తుంది. గరిష్ఠం 30,000 దాటి ఇవ్వలేం, వీళ్లకు అంత అక్కర్లేదు. ఇబ్బంది ఏమిటంటే ఆ గరిష్ఠం చేత్తో రాసే అంకె, ఫార్ములా ఇవ్వడం కుదరదు. రైతులు పెరిగితే మళ్లీ తెరిచి మార్చాలి.

గంటసేపు కూర్చుని చేసిచ్చాను. ఆమె రెండు రోజులు వాడింది, తర్వాత మానేసింది. పాస్‌బుక్ నంబర్‌తో కంట్రోల్ ఎఫ్ కొట్టి వెతుక్కోవడమే త్వరగా అవుతుందట. నేను కూడా అదే అంటాను. ఒక మనిషిని వెతకడానికి బార్ లాగడం పనికిరాని పని. ఆ షీట్ ఫైల్‌లో ఇంకా ఉంది, ఎవరూ తెరవరు.

యాసంగి

ఏప్రిల్‌లో యాసంగి వడ్లు మొదలైన వారానికి ఫోన్ చేసింది. పాత ఫైల్ కాపీ చేసి పాత పేర్లు తీసేసి కొత్త రిజిస్టర్ తయారు చేసుకుందట. బార్ గురించి నేను అడగకముందే చెప్పింది.

"అన్నా, కంట్రోల్ ఎండ్ కొడితే 412 వచ్చింది. మా వాళ్లు 408 మంది, పైన హెడ్డింగులు నాలుగు. ఒక పేరు ఎక్కిచ్చి 'మొత్తం' షీట్ల కూడ చూసిన, పెరిగింది. ఇగ మళ్ల ఫోన్ చెయ్య."

మే రెండో వారంలో మళ్లీ చేసింది, ప్రింటర్ గురించి.